గంజి పెట్టిన నాలుగో పొగగొట్టం

సార్నియాలో సెయింట్ క్లెయిర్ నది ఒడ్డున వృద్ధుల కేర్ హోమ్ ఒకటి ఉంది. ప్రేమజ్యోతి అందులో పర్సనల్ సపోర్ట్ వర్కర్. పెద్దవాళ్లకు స్నానం చేయించడం, బట్టలు మార్చడం, తినలేనివాళ్లకు తినిపించడం ఆమె పని. కెనడా వచ్చి పద్నాలుగేళ్లయింది. భర్త నతానియేలు కెమికల్ ప్లాంట్‌లో ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్. ఒక్కతే కూతురు ఏనీ, గ్రేడ్ ట్వెల్వ్ చదువుతోంది. తల్లి తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెబుతుంది.

ప్రేమజ్యోతిది నరసాపురం. అక్కడ వాళ్ల పేటలో ఆడపిల్లలకి అక్షరాలకంటే ముందు లేసు పని వచ్చేది. మిషనరీ దొరసానులు ఏనాడో నేర్పిపోయిన పని. మోకాళ్ల మీద దారపు ఉండ, చేతిలో కొక్కెం సూది, నోట్లో కబుర్లు. ప్రేమజ్యోతి కూడా పెళ్లయ్యేదాకా అల్లింది. కెనడా వచ్చాక సూదులు ఒక బిస్కెట్ల డబ్బాలో పెట్టి, ఆ డబ్బాని అలమర పైఅరలో పెట్టి, మర్చిపోయింది.

రెండేళ్ల కిందట, ఒక సోమవారం పొద్దున్న, ఆమెకి పద్నాలుగో నంబరు గది డ్యూటీ వేశారు. ఆ గదిలో ఆయనతో జాగ్రత్త అని తోటివాళ్లు ముందే చెప్పారు. స్నానం అంటే తువ్వాలు విసిరి కొడతాడట. అంతకుముందు వారం ఒక కొత్తమ్మాయి ఏడుస్తూ బయటికొచ్చిందట. సరే, చూద్దాంలే అనుకుంటూ ప్రేమజ్యోతి తలుపు దగ్గరికి వెళ్లి పేరు చదివింది. డీటర్ బ్రుక్నర్-ఎండెన్.

ఆమెకి నవ్వొచ్చింది. ఆపుకుంటూ లోపలికి వెళ్లింది గాని, కిటికీ దగ్గర చక్రాల కుర్చీలో కూర్చున్న ఆయన అది పసిగట్టేశాడు. పొడుగ్గా, ఎముకలు తేలి, కనుబొమలు గుబురుగా ఉన్న మనిషి. రెండు చేతులూ వణుకుతున్నాయి.

"ఏమిటా నవ్వు?" అన్నాడు.

"ఏం లేదండీ. మీ పేరు చూసి."

"నా పేరులో నవ్వాల్సిందేముంది?"

అబద్ధం చెప్పడం ఆమెకి చేతకాలేదు. "మా అమ్మమ్మ నన్ను తిట్టే తిట్టు అండీ అది. చిన్నప్పుడు జామచెట్టు ఎక్కితే, ఎండెన్ పిల్లా, దిగవే, అనేది. అంటే ఏమిటో మాకెవరికీ తెలీదు. ఏదో ఓడ పేరని మాత్రం చెప్పేది."

ఆయన టీవీ ఆపేశాడు. "మీ అమ్మమ్మది ఏ ఊరు?"

"ఇండియాలో నరసాపురం. తూర్పు సముద్రం ఒడ్డు."

"మద్రాసుకి ఎంత దూరం?"

"రైల్లో ఒక రాత్రి ప్రయాణం."

ఆయన కుర్చీ ఆమె వైపు తిప్పుకున్నాడు. తువ్వాలు ఒళ్లోనే ఉంది గాని విసరలేదు. ఎండెన్ అంటే జర్మనీలో ఒక ఊరనీ, ఆ ఊరి పేరు పెట్టిన లైట్ క్రూయిజర్ మీద తన తాత కొలిమిలో బొగ్గు వేసేవాడనీ చెప్పాడు. 1914లో ఆ ఓడ ఒంటరిగా బంగాళాఖాతంలోకి వచ్చి, రెండు నెలల్లో ఇరవైకి పైగా వర్తకపు ఓడల్ని పట్టుకుంది. చివరికి ఆస్ట్రేలియావాళ్ల యుద్ధనౌక దాన్ని కొట్టి చిత్తు చేసింది. బతికి బయటపడ్డ నావికులు తమ ఇంటిపేరు చివర ఓడ పేరు చేర్చుకోవచ్చని తర్వాత జర్మనీ ప్రభుత్వం అనుమతిచ్చింది. అలా ఆ బ్రుక్నర్‌ల కుటుంబం బ్రుక్నర్-ఎండెన్ అయింది.

"మద్రాసు మీద గుళ్లు కురిపించింది మా ఓడే. సెప్టెంబరు ఇరవై రెండు రాత్రి. నూనె ట్యాంకులు అంటుకున్నాయి."

"ఆ రాత్రి మా ముత్తాత అక్కడే ఉన్నాడండీ," అంది ప్రేమజ్యోతి. "షావుకారు పంపితే హార్బరుకి మూటలు తీసుకెళ్లాడు. గుళ్లు పడగానే మూటలు అక్కడే పారేసి పరుగు పెట్టాడట. నెల్లూరు దాకా నడిచి, అక్కడ రైలెక్కి, పదకొండో రోజున ఇంటికొచ్చాడట. అప్పట్నుంచీ మా ఇంట్లో ఆ పేరు మిగిలిపోయింది."

"మూటల్లో ఏముంది?"

"లేసు."

"అయితే మా తాత మీ ముత్తాత లేసుని తగలబెట్టాడన్నమాట."

"తగలబెట్టలేదండీ. మా ముత్తాతే వదిలేసి పారిపోయాడు."

ఆయన నవ్వాడు. ఆ నవ్వు ఎలా ఉందంటే, పొలమారిందేమోనని నర్సు పరుగెత్తుకొచ్చింది. ఆ పూట స్నానం గొడవ లేకుండా అయిపోయింది. ఆ తర్వాత ప్రేమజ్యోతి వస్తే తప్ప స్నానం చేయనని కొత్త పేచీ మొదలుపెట్టాడు గాని, దానికి హోమ్ వాళ్లు సంతోషంగానే ఒప్పుకున్నారు.

నెల తిరక్కుండానే ఆయన తన మంచం పక్కనున్న పొడుగు బల్ల మీది దుప్పటి తీయమన్నాడు. కింద ఓడ ఉంది. నాలుగడుగులకి కాస్త తక్కువ పొడవు. అసలు ఎండెన్‌కి సరిగ్గా నూరో వంతు. బ్రుక్నర్ రిఫైనరీలో మెషినిస్టుగా రిటైరైన మనిషి. పన్నెండేళ్ల కిందట మొదలుపెట్టి, కట్టె చెక్కి, రేకు వంచి, పది ఫిరంగులూ మూడు పొగగొట్టాలూ బిగించాడు. తర్వాత చేతులు వణకడం మొదలైంది. రెండు కొయ్యస్తంభాలూ బోడిగా నిలబడి ఉన్నాయి. వాటి మధ్య కట్టాల్సిన తాళ్లు, వైర్‌లెస్ తీగలు ఒక్కటీ లేవు.

"రెండుసార్లు ప్రయత్నించాను. స్తంభమే విరిచేశాను," అన్నాడు. "నీకు లేసు వచ్చన్నావుగా."

"ఇరవై ఏళ్లయిందండీ సూది పట్టి."

"నేను నౌకాదళంలో చేరమనడం లేదు. దారం కట్టమంటున్నాను."

డ్యూటీ టైములో ఇలాంటివి కుదరవు. మేనేజర్‌ని అడిగితే, సెలవు రోజున విజిటర్‌గా రావచ్చంది. అలా ప్రేమజ్యోతి ఆదివారం చర్చి అయ్యాక, ఇంటికొచ్చి భోజనం చేసి, బిస్కెట్ల డబ్బా చంకన పెట్టుకుని కారెక్కడం మొదలైంది.

"ఎక్కడికి?" అని మొదటివారం అడిగాడు నతానియేలు.

"ఓడ దగ్గరికండీ."

రెండోవారం నుంచి ఆయన అడగడం మానేశాడు. ఎవరైనా ఫోన్ చేసి ప్రేమజ్యోతి గారున్నారా అంటే, "జర్మన్ నేవీలో డ్యూటీకి వెళ్లింది, సాయంత్రం వస్తుంది," అని చెప్పేవాడు.

మొదటి ఆదివారమే చిక్కొచ్చింది. ప్రేమజ్యోతి వేళ్లకి పాత అలవాటు గుర్తొచ్చి, తాడు కొసన ముడి వేసిన ప్రతిచోటా చిన్న పువ్వు వేసింది. బ్రుక్నర్ భూతద్దం పెట్టి ఒక్కో పువ్వునీ చూశాడు.

"బాగుంది," అన్నాడు చివరికి. "కానీ నౌకాదళంలో పువ్వులుండవు."

అన్నీ విప్పి మళ్లీ కట్టింది. ఇక్కడి కొట్లలో దొరికే దారం మరీ లావుగా ఉందని ఆయన సణుగుతుంటే, నరసాపురంలో ఇంకా లేసు పని చేస్తున్న పిన్ని కూతురు హైమావతికి ఫోన్ చేసింది. సన్నటి నూరో నంబరు దారం పంపమంది.

"ఎవరికే, పెళ్లి గౌనుకా?" అంది హైమావతి.

"కాదు, ఓడకి."

"అక్కడ ఓడలకి కూడా లేసు కడతారా?" అంటూనే ఆరు ఉండలు పార్సిల్ చేసింది.

పని చేస్తుండగా ఆయన కథలు చెప్పేవాడు. మొదట్లో ఆమె మర్యాదకి వినేది. తర్వాత తనే అడగడం మొదలుపెట్టింది.

"లైట్ క్రూయిజర్ అంటే తేలికైన ఓడనేగా? ఇంత ఇనుముంటే తేలికేమిటండీ?"

"పెద్ద యుద్ధనౌకలతో పోలిస్తే తేలిక. కవచం పల్చన, ఫిరంగులు చిన్నవి, పరుగు ఎక్కువ. ముందు వెళ్లి శత్రువు ఎక్కడున్నాడో చూసి రావాలి. వర్తకపు ఓడ కనపడితే వెంటపడాలి. తనకంటే పెద్దది కనపడితే పారిపోవాలి."

"మా వీధిలో నల్లకుక్క అచ్చం అంతే."

ఆయన ఈ పోలికకి ఏమీ అనుకోలేదు. పైగా, తర్వాత ఎవరు అడిగినా అదే చెప్పేవాడు.

ఒక్క ఎండెన్ కాదు, వాటి వంశవృక్షమంతా ఆయనకి కంఠతా వచ్చు. డ్రెస్డెన్, లైప్‌జిగ్, న్యూరెన్‌బెర్గ్, కోనిగ్స్‌బెర్గ్, కార్ల్స్‌రూ. అన్నీ ఊళ్ల పేర్లే. మొదటి యుద్ధం మొదలైన ఏడాది తిరిగేలోపే దూరసముద్రాల్లో ఉన్నవన్నీ పోయాయి. అవే పేర్లతో మళ్లీ కొత్తవి కట్టారు. రెండో యుద్ధంలో వాటిలో చాలావరకు పోయాయి. బ్రుక్నర్ తండ్రి కూడా ఓడల్లోనే పనిచేశాడు. అది మూడో ఎండెన్. 1945లో కీల్ దగ్గర బాంబుదెబ్బ తిన్నాక, దాన్ని ఒడ్డుకి ఆనించి వాళ్లే పేల్చేశారు. అప్పటికి బ్రుక్నర్‌కి తొమ్మిదేళ్లు.

"నాన్న ఇంటికి నడిచొచ్చాడు. బూట్లు లేవు," అన్నాడు. "అందుకే నేను ఓడ ఎక్కలేదు. కెనడా రావడానికి ఎక్కానంతే. అది కూడా వాంతులు చేసుకుంటూ."

ప్రేమజ్యోతి లైబ్రరీ కార్డు తీసుకుంది. ఒకరోజు వంటింట్లో పప్పు పొయ్యి మీద పెట్టి పుస్తకం చదువుతుంటే ఏనీ చూసి, "మామ్, ఆర్ యూ ఓకే?" అంది.

"ఇది విను. 1914 ఆగస్టులో లైప్‌జిగ్ అనే జర్మన్ ఓడ మన కెనడా పడమటి ఒడ్డుకి, బ్రిటిష్ కొలంబియా వైపు వస్తోందని ఇక్కడివాళ్లు హడలిపోయారు. ఆ భయంతో రెండు సబ్‌మెరైన్లు కొన్నారు. ఆ నవంబరులో చిలీ దగ్గర యుద్ధం జరిగింది. అటు ఈ లైప్‌జిగ్, ఇంకొన్ని జర్మన్ ఓడలు. ఇటు బ్రిటిష్ ఓడలు. ఒక బ్రిటిష్ ఓడలో నలుగురు కెనడా కుర్రాళ్లున్నారు, నేవీలో ట్రెయినింగు. ఓడతోపాటు మునిగిపోయారు. ఆ యుద్ధంలో పోయిన కెనడా సైనికుల్లో వాళ్లే మొదటివాళ్లు. ఇరవై ఏళ్ల చుట్టుపక్కల వయసు."

"దట్స్ లైక్, మై ఏజ్," అంది ఏనీ. తర్వాత పుస్తకం తీసుకుని నిలబడే ఆ పేజీ చదివింది. పప్పు అడుగంటింది.

ఫిబ్రవరికి తాళ్లన్నీ అయిపోయాయి. అప్పుడు బ్రుక్నర్ నాలుగో పొగగొట్టం కావాలన్నాడు. ఎండెన్‌కి ఉన్నవి మూడే. అయితే ఆ నావికులు కర్రలతో, కాన్వాసు గుడ్డతో ఒక ఉత్తుత్తి పొగగొట్టం చేసుకున్నారు. దాన్ని నిలబెడితే దూరం నుంచి చూసేవాళ్లకి నాలుగు పొగగొట్టాల బ్రిటిష్ ఓడలా కనపడేది. అలా వేషం వేసుకునే బ్రిటిష్ వాళ్ల పెనాంగ్ రేవులోకి దూరింది. తన నమూనాలో కూడా అది కావలసినప్పుడు పెట్టి తీసేలా ఉండాలని ఆయన కోరిక. కాగితంతో చేస్తే వంగిపోతోంది. రేకుతో చేస్తే అసలుదానిలా ఉంటోంది. ఉత్తుత్తిది ఉత్తుత్తిదిలాగే కనపడాలి.

ప్రేమజ్యోతి రెండు ఆదివారాలు ఆలోచించి, ఇంట్లో కూర్చుని దాన్ని లేసుగా అల్లింది. సన్నటి గొట్టం, ఎక్కడా సందులేని గట్టి అల్లిక. దాన్ని చిక్కటి గంజిలో ముంచి, ఏనీ పెన్ను ఒకటి లోపల దూర్చి ఆరబెట్టింది. పొద్దున్నకి కర్రలా నిలబడింది. బూడిదరంగు వేసి తీసుకెళ్లి ఇస్తే, బ్రుక్నర్ వేలితో కొట్టి చూశాడు.

"దేంతో చేశావు?"

"బియ్యం కడుగుతో మొదలుపెట్టి, అన్నం వార్చిన గంజితో ముగించానండీ."

"ఆ ఓడలో నాలుగొందల మంది ఉండి కూడా ఒక్కడికీ ఈ ఆలోచన రాలేదు," అన్నాడు. ఆయన నోటివెంట ఇంతకంటే పెద్ద మెప్పు ఎవరూ వినలేదు.

జూన్‌లో ఊరి హాబీ క్లబ్ వాళ్లు హాలు తీసుకుని నమూనాల ప్రదర్శన పెడుతున్నారు. బ్రుక్నర్ పేరు రాయించాడు. ఓడ ముందు పెట్టే కార్డు మీద ఏం రాయాలో ఆయన చెబుతుంటే, ఆ ఆదివారం తల్లితో వచ్చిన ఏనీ ల్యాప్‌టాప్‌లో టైప్ చేస్తోంది. ఓడ పొడవు, ఎప్పుడు కట్టారు, ఎన్ని ఫిరంగులు. చివరి వాక్యం దగ్గర ప్రేమజ్యోతి తలెత్తింది. "యుద్ధమంతటిలో ఈ ఓడ ఒక్క సామాన్య పౌరుడి ప్రాణం కూడా తీయలేదు."

"అది వద్దండీ," అంది.

"ఎందుకు? శత్రువులు కూడా మెచ్చుకున్నారు. పట్టుకున్న ఓడల్లో మనుషుల్ని దించాకే ముంచేవాళ్లు."

"అది నిజమే. కానీ మద్రాసులో పోయారు. కనీసం అయిదుగురని పుస్తకంలో ఉంది."

"మా తాత ఎన్నడూ అబద్ధం ఆడలేదు."

"మీ తాతగారు కింద బొగ్గు వేస్తున్నారు కదండీ. ఆయనకి ఒడ్డు ఎలా కనపడుతుంది?"

ఆయన మొహం ఎర్రబడింది. కుర్చీ గోడవైపు తిప్పుకున్నాడు. తల్లీకూతుళ్లు ల్యాప్‌టాప్ మూసి, వచ్చేశారు.

ఆ తర్వాత రెండు వారాలు ఆయన ప్రేమజ్యోతితో మాట్లాడలేదు. స్నానం చేయించుకునేవాడు, మందులు మింగేవాడు, కిటికీలోంచి నదిలో పోయే ఓడల్ని చూసేవాడు. ఆమె కూడా బతిమాలలేదు. ఇంట్లో మాత్రం కుదురుగా ఉండలేకపోయింది. "తొంభై దగ్గరపడ్డ మనిషి. ఆయన మాటే ఉండనిస్తే నాకేం పోయేది?" అంది భర్తతో.

నతానియేలు తాపీగా అన్నాడు, "నీకు పోయేదేం లేదు జ్యోతీ. ఆ అయిదుగురు మాత్రం ఇంకోసారి పోయేవాళ్లు."

మూడో సోమవారం ఆమె గదిలోకి వెళ్లేసరికి బ్రుక్నర్ ఒళ్లో అట్ట ముక్క ఉంది. దాని మీద వంకర టింకర అక్షరాలు. ఎంతసేపు కష్టపడ్డాడో. "ఇది టైప్ చేయించు," అని ఇచ్చాడు.

"మద్రాసులో కనీసం అయిదుగురు చనిపోయారు. ఎండెన్ మునిగిన రోజు మా తాత స్నేహితులు నూట ముప్పై మందికి పైగా చనిపోయారు. మా వాళ్ల పేర్లు నా దగ్గర ఉన్నాయి. మద్రాసు వాళ్లవి లేవు. ముందే వెతికి ఉండాల్సింది."

ప్రేమజ్యోతి చదివి, మడిచి జేబులో పెట్టుకుంది. "టైప్ చేయించనండీ. ఇలాగే పెడదాం," అంది.

"అక్షరాలు బాగాలేవు."

"చదవగలిగాను కదా."

ప్రదర్శన రోజుకి ఆయనకి జలుబు చేసి గొంతు మూగబోయింది. ఓడని నతానియేలు తన వ్యాన్‌లో, ఆయన్ని హోమ్ వాళ్లు తమ వ్యాన్‌లో తీసుకొచ్చారు. హాలు నిండా రైళ్లు, విమానాలు, బొమ్మ ఇళ్లు. జనం ఓడ దగ్గర ఆగి ప్రశ్నలడుగుతుంటే బ్రుక్నర్ నోరు తెరిచాడు గాని గాలి తప్ప మాట రాలేదు. ప్రేమజ్యోతి వైపు చెయ్యి చూపించాడు.

చర్చిలో ప్రార్థన చేయడం తప్ప ప్రేమజ్యోతి పదిమంది ముందు ఎప్పుడూ మాట్లాడలేదు. అదీ తెలుగులో. మొదటి మనిషికి ఓడ పొడవు చెప్పి ఆగిపోయింది. నాలుగో మనిషికి సర్దుకుంది. మధ్యాహ్నానికి చుట్టూ జనం. పిల్లలు నాలుగో పొగగొట్టం తీసి పెట్టడానికి లైను కట్టారు. నేవీలో పనిచేసి రిటైరైన ఒకాయన ఇంజన్ల గురించి గుచ్చి గుచ్చి అడిగాడు. దీని జోడీ ఓడ డ్రెస్డెన్‌కి టర్బైన్లు పెట్టారనీ, దీనికి మాత్రం పాత పద్ధతి పిస్టన్లేననీ ఆమె చెప్పేసరికి తల ఊపాడు.

"మీరు జర్మనీ నుంచి వచ్చారా?" అన్నాడు మొహమాటంగా.

"నరసాపురం నుంచండీ," అంది.

ఆయన అట్ట ముక్క మీది మాటలు రెండుసార్లు చదివి, కుర్చీలో ఉన్న బ్రుక్నర్‌తో చెయ్యి కలిపి వెళ్లాడు.

మొదటి బహుమతి పొగ వదిలే రైలింజనుకి వచ్చింది. ఎండెన్‌కి రెండోది. రైలుకి ఇవ్వడమేమిటని బ్రుక్నర్ గొంతు లేకుండానే వారం రోజులు తిట్టాడు. ఆ రైలు చేసినవాడి పట్టాలు కొలతకి లేవని కాగితం మీద రాసి మరీ చూపించాడు.

ఓడ ఇప్పుడు కేర్ హోమ్ ముందు హాల్లో గాజుపెట్టెలో ఉంది. అట్ట ముక్క కూడా పక్కనే ఉంది. ఏనీ స్కూల్లో హిస్టరీ టీచరుకి సంగతి తెలిసి, నవంబరులో, యుద్ధాల్లో పోయిన సైనికుల్ని తలుచుకునే రిమెంబ్రెన్స్ డే వారం, ప్రేమజ్యోతిని పిలిచింది. ఆమె వెళ్లి, చిలీ దగ్గర పోయిన నలుగురు కుర్రాళ్ల గురించి అరగంట మాట్లాడింది. తల్లి ఇంగ్లీషుకి క్లాసులో ఎవరైనా నవ్వుతారేమోనని ఏనీ వెనక బెంచీలో బిక్కుబిక్కుమంటూ కూర్చుంది. ఎవరూ నవ్వలేదు. ఇంటికొచ్చేటప్పుడు కారులో, "బాగా చెప్పావమ్మా," అంది. తెలుగులో.

ఈ ఏడాది బ్రుక్నర్ లైప్‌జిగ్ మొదలుపెట్టించాడు. కెనడావాళ్లని భయపెట్టింది కాబట్టి కెనడాలో ఉండాల్సింది అదేనని ఆయన వాదన. కట్టె చెక్కే పని తన వల్ల కాదు గనక, మీ ఇంట్లో చేతులు ఖాళీగా ఉన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా అని ప్రేమజ్యోతిని అడిగాడు. ఇప్పుడు ఆదివారాలు మధ్యాహ్నం నతానియేలు కూడా పద్నాలుగో నంబరు గదిలోనే ఉంటున్నాడు. ఓడ పక్కల గుండ్రటి కిటికీలకి బెజ్జాలు వేయడం ఆయన వంతు. ఒక పక్క ఎక్కువ వేశాడని పెద్దాయన, బ్లూప్రింట్‌లో అలాగే ఉందని ఈయన, ఇద్దరూ వాదించుకుంటుంటే ప్రేమజ్యోతి కిటికీ దగ్గర కూర్చుని కొత్త ఉండలోంచి దారం కొస వెతుకుతోంది.